బాప్తిస్మం తరగతిలో "క్రీస్తునందు నేనెవరు?" పాఠం ఎలా చెబుతున్నారు?

యూత్_లీడర్_తెనాలి: అందరికీ వందనాలు. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళు ఎక్కువగా అడిగేది "మాలాంటోళ్ళని దేవుడు లెక్కచేస్తాడా?" అనే. వచనాలు కంఠతా పట్టిస్తే చాలా?

పాస్టరమ్మ: చాలదు బాబూ. ఎఫెసీ పత్రికను (బైబిల్‌లో ఎఫెసు సంఘానికి రాసిన లేఖ) పౌలు రాసిన వరుసలోనే చెప్పండి. మొదటి మూడు అధ్యాయాల్లో ఆజ్ఞ ఒక్కటే, 2:11–12లో. అదీ "జ్ఞాపకము చేసికొనుడి" అని. తక్కినదంతా దేవుడు చేసేసిన పని. మనం ఎలా నడుచుకోవాలన్నది 4వ అధ్యాయంలో గానీ మొదలుకాదు. తరగతుల్లో దీన్ని తిరగేస్తారు: తాగుడు మానాలి, దశమభాగం ఇవ్వాలి, ఆదివారం తప్పకూడదు. ఇవన్నీ చేస్తేనే దేవుడు ఒప్పుకుంటాడని వినేవాడికి అర్థమవుతుంది. ఒక్కసారి జారిపడగానే నేను పనికిరానివాణ్ణి అనుకుని మందిరానికి ముఖం చాటేస్తాడు.

నాలుగు వారాలు, వారానికో గంట పెట్టుకోండి. మొదట 1:3–14. "క్రీస్తునందు", "ఆయనయందు" వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీయించండి. ఏర్పరచుకున్నది ఎవరు, ముద్ర వేసింది ఎవరు అని అడగండి. జవాబు వాళ్ళ నోటే రావాలి. తరువాత 2:1–10, ఆపైన యూదులు, అన్యులు ఒక్కటైన సంగతి చెప్పే 2:11–22, చివర రోమా 8:14–17. దత్తత తీసుకున్న కొడుక్కి ఆనాటి రోమాలో వారసత్వ హక్కు ఉండేది, అందుకే అక్కడ వెంటనే "వారసులము" అంటాడు పౌలు. చదవడం రానివాళ్ళకు ఆడియో బైబిల్ రెండుసార్లు వినిపించి, సొంత మాటల్లో చెప్పించండి.

గుండ్లకమ్మ_గట్టు: మూడో వారంలో మన ఒంగోలు చరిత్ర తప్పక చెప్పండి. మాదిగలు సంఘంలోకి వస్తుంటే పైకులాలవాళ్ళు దూరమయ్యారు. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దంపతులు నిలబడ్డది 1 కొరింథీ 1:26–29 మీద, అంటే బలహీనుల్నే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట మీద. కరవులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పిస్తున్నన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు, కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సంఘ_పెద్ద: పాఠంలో ఒకటి, ఆచరణలో ఒకటి అయితే అంతా వృథా అన్నా. ప్రభురాత్రి భోజనంలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు) వరస ఎలా ఉంది? వేదిక మీద ఎవరు కూర్చుంటున్నారు? పెళ్ళి సంబంధాల్లో కులం అడుగుతున్నారా? కొత్తవాళ్ళు చూసేది ఇదే.

కౌన్సెలర్_అక్క: నిద్ర పట్టకపోవడం, తిండి మానడం రెండు వారాలు దాటితే ప్రార్థనతో పాటు డాక్టర్ కూడా కావాలి. చావు మాట ఎత్తితే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తోడు వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. "విశ్వాసం తక్కువైంది" అనడం గాయం మీద కారం చల్లడమే. మందులు ఆపమని ఎవరూ చెప్పకూడదు.

యూత్_లీడర్_తెనాలి: పేరు మార్చుకోవాలా అని కూడా అడుగుతున్నారు.

సంఘ_పెద్ద: అక్కర్లేదు. బాప్తిస్మానికి పేరు మార్పు షరతు కాదు. ఆధార్‌లో ఒకటి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే తరువాత తిప్పలు. ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవులైన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో బీసీ–సి (వెనుకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కిందికి వస్తారు. పిల్లల చదువుల మీద, ఉద్యోగాల మీద పడే ప్రభావం బాప్తిస్మానికి ముందే, కుటుంబమంతా ఉన్నప్పుడు కూర్చోబెట్టి వివరించండి. ఆలోచించుకోవడానికి గడువు అడిగితే ఇవ్వండి.