చెరువు శిఖంలో ఆకుల్లేని గుండ్రటి తుంగ: ఏ జాతి, ఎట్లా ఖాయం చేసుకోవాలి?

రేగడిమడి (ప్రశ్న)

హసన్‌పర్తి వైపు ఒక ఊరచెరువు. నీళ్లు వెనక్కి పోతున్న అంచున (శిఖంలో), చీలమండ లోతు బురదలో ఒక మొక్క గుబుర్లు గుబుర్లుగా ఉంది. ఎత్తు మూడడుగుల లోపే. ఆకులు కనబడవు, అన్నీ పచ్చటి కాడలే. కాడ గుండ్రం, వేళ్లతో నొక్కుకుంటూ పోతే లోపల అడ్డుగోడలు తగులుతాయి, టప్‌మని పగులుతాయి. కాడ సగానికి కిందనే, పక్కనుంచి పొడుచుకొచ్చినట్టు గోధుమరంగు కంకుల గుత్తి.

ఊళ్లో తుంగ అంటున్నారు. తుంగకు మూడు పలకల కాడ కదా? ఫోన్ యాప్ ఒకసారి ఎలియోకారిస్ డల్సిస్ అంటుంది, ఇంకోసారి జమ్ము అంటుంది. కాలేజీ హెర్బేరియానికి (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) షీటు చేయాలి. జాతి తేల్చడానికి ఏం చూడాలి, ఎప్పుడు తీయాలి? ఇంకో సంగతి, పూడిక తీసిన పక్క చెరువులో ఇది ఒక్కటి కూడా లేదు. ఎందుకు?

పదింతలభూతద్దం

జమ్మును ముందే పక్కన పెట్టండి. దానికి పట్టీల్లాంటి పొడుగాటి ఆకులుంటాయి, అది తుంగ కుటుంబమే కాదు.

సైపరేసిలో, అంటే తుంగ కుటుంబంలో, ఎక్కువ జాతులకు కాడ మూడు పలకలే, లోపల గట్టిగా నిండి ఉంటుంది. ఆకులు మూడు వరుసల్లో వస్తాయి, ఆకుతొడుగు గొట్టంలా మూసుకుని ఉంటుంది. అయితే నీళ్లలో పెరిగే కొన్ని ప్రజాతుల్లో కాడ గుండ్రంగా మారి, ఆకులు కాడ మొదట్లో ఉత్త తొడుగులుగా మిగిలాయి. ఆకు చేయాల్సిన పని కాడే చేస్తుంది. లోపలి గాలిగదులు బురదలో ఉన్న వేళ్లకు ఆక్సిజన్ అందిస్తాయి. మీకు తగిలిన అడ్డుగోడలు ఆ గదులవే.

మీరు చెప్పినదాన్నిబట్టి షోనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటా. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు స్కిర్పస్ ఆర్టిక్యులేటస్. తర్వాత షోనోప్లెక్టస్‌లో ఉంది. 2003లో లై అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇప్పటి ప్రజాతిలోకి మార్చాడు. పాత ఫ్లోరాల్లో (ఒక ప్రాంతపు మొక్కలను వర్ణించే పుస్తకాల్లో) వెతికితే స్కిర్పస్ కిందే దొరుకుతుంది.

ఆ గుత్తి నిజానికి పక్కనుంచి రాలేదు. కాడ అక్కడితోనే అయిపోయింది. దాని పైన నిటారుగా నిలబడ్డది పుచ్ఛం, అంటే గుత్తి మొదట్లో వచ్చే ఆకు. కాడలాగే గుండ్రంగా, అడ్డుగోడలతో ఉంటుంది కాబట్టి కాడే సాగిందనుకుంటాం. ఈ జాతిలో పుచ్ఛం కాడంత పొడుగో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది, అందుకే గుత్తి అంత కింద కనబడుతుంది. ఎలియోకారిస్ డల్సిస్‌కూ అడ్డుగోడలున్నాయి, యాప్ అక్కడే తడబడుతుంది. కానీ దానికి కాడ కొసన ఒకే ఒక చిరుకంకి, దానిపైన ఇంకేమీ ఉండదు. పీకి చూసినా తెలిసిపోతుంది. ఎలియోకారిస్ స్టోలన్లతో (పక్కకు పాకే కాడలతో) పాకే బహువార్షికం, చిన్న గడ్డలు వేస్తుంది. మీది పీచువేళ్ల గుబురు, ఏకవార్షికం.

మిగతా చుట్టాల సంగతి. షోనోప్లెక్టియెల్లా మ్యుక్రొనేటాకు కాడ మూడు పలకలు. జంకాయిడిస్‌కు కాడలో ఇట్లాంటి అడ్డుగోడలు లేవు, గింజ మొదట్లో ముళ్లలాంటి కేశాలుంటాయి. ఆర్టిక్యులేటా గింజకు కేశాలుండవు; మూడు పలకలతో, పండితే నల్లగా, అడ్డంగా సన్నటి అలలతో ఉంటుంది. అసలు చిక్కు సెనెగలెన్సిస్‌తో. దానికీ అడ్డుగోడలు, దానికీ పొడుగు పుచ్ఛమే. చిరుకంకులు, తుషాలు (చిరుకంకిలో పువ్వును కప్పే పొలుసులు) మాత్రం బాగా చిన్నవి. గ్రాఫు కాగితం మీద తుషం, గింజ కొలవకుండా ఈ రెండింటి మధ్య తీర్పు ఇవ్వొద్దు. ఫోటోతో అసలే ఇవ్వొద్దు.

షీటుమాస్టర్

షీటు గురించి నేను చెప్త.

గింజ పండక ముందు తెస్తే ఆ షీటు దండుగే. చిరుకంకి కిందినుంచి పైకి పండుతది. రెండు వేళ్ల మధ్య నలిపితే నల్లటి గింజలు రాలాలె. వానాకాలం నీళ్లు తగ్గేటప్పుడు, అంటే అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా మంచి అదను.

కోయొద్దు, వేళ్లతోని పెకిలించాలె. మొదట్లో ఉన్న తొడుగులు పీకేయకండి. ఈ ప్రజాతిలో కొన్ని జాతులకు తొడుగు లోపల, బురద మట్టానికి, ఒంటరి ఆడపువ్వు ఉంటది; పైగింజ కన్నా పెద్ద గింజ కడ్తది. బురద గట్టిగ రుద్దితే అది పోతది. బకెట్ నీళ్లలో నానబెట్టి జాడించుండ్రి.

షీటు 42 × 28 సెం.మీ. కాబట్టి కాడను వీ లాగనో ఎన్ లాగనో మడవాలె. మడతపడే చోట ముందుగాల వేళ్లతో నొక్కి గాలి తీయాలె, లేకుంటే చీలి రెండు ముక్కలైతది. ఒక కాడను మాత్రం బ్లేడుతోని నిలువునా చీల్చి, అడ్డుగోడలు కనబడేటట్టు పరువుండ్రి. ఎండినంక అవి బయటినుంచి గీతల్లాగనే కనబడ్తయ్.

బూజు పట్టేది ఇక్కడనే. గాలిగదుల్లో తడి నిలుస్తది. పేపర్లు మొదటి ఐదారు రోజులు రోజూ మార్చాలె. అన్నిటికంటె ఆఖరుకు ఆరేది గుబురు మొదలే, చేతితో ముట్టుకుంటే సల్లగ తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. రాలిన గింజలను చిన్న కాగితపు పొట్లంల కట్టి షీటు మూలకు అతికించుండ్రి.

లేబుల్ మీద "చెరువు అంచు" అని రాస్తే ఏం లాభం? మొక్క మొదట్లో నీళ్ల లోతు ఎన్ని సెంటీమీటర్లు, రేగడా చల్కనా, కట్ట వైపా శిఖం వైపా, పక్కన ఏమున్నయో రాయాలె. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లకు పోతే అటవీశాఖ అనుమతి లేకుండ ఆకు కూడ తెంపొద్దు.

అలుగుకింద

పక్క చెరువులో ఎందుకు లేదన్న ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, నాకు అదే ముఖ్యం అనిపించింది.

ఇట్లాంటి ఏకవార్షిక తుంగలకు కావాల్సింది నీళ్లు కాదు, తగ్గే నీళ్లు. లోతు నీళ్ల కింద గింజ మొలవదు. బురద బయటపడి, వెలుతురు తగిలి, పగలు వేడి రాత్రి చలి మారుతుంటే మొలుస్తుంది. తర్వాత కొంచెం నీళ్లు నిలిచినా కాడ తట్టుకుంటుంది. కాబట్టి దాని చోటు శిఖంలో ఒక పట్టీ మాత్రమే. పైన ఆరిన మట్టిలో గ్లైనస్ లాంటివి, దాని కింద తడిబురదలో అమ్మానియా, చిన్న తుంగలు, పలుచటి నీళ్లలో మార్సీలియాతో పాటు ఆర్టిక్యులేటా.

ఆ పట్టీ వెడల్పు వాలును బట్టి ఉంటుంది. శిఖం వాలు నూటికి ఒకటి అనుకోండి, నీళ్లు ఒక అడుగు తగ్గితే వంద అడుగుల బురద బయటపడుతుంది. ప్రొక్లెయినర్‌తో నిలువుగా తవ్విన గుంతలో అదే అడుగు తగ్గితే బయటపడేది ఒక అడుగు గోడ. అక్కడ ఏ గింజ నిలవదు.

రెండో కారణం, పూడికే గింజల నిల్వ. ఏళ్ల తరబడి గింజలు పైపొర బురదలోనే ఉంటాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఆ మట్టిని పొలాలకు తోలుకుంటున్నాం. పొలానికి మంచిదే, కానీ చెరువు విత్తనం బండెక్కి పోయింది. పూడిక తీసేటప్పుడు శిఖం చివర లోతు తక్కువున్న భాగాన్ని, వాలు చెడకుండా, అట్లాగే వదిలేస్తే చాలు.

ఎస్సారెస్పీ కాలువతోనో దేవాదుల ఎత్తిపోతలతోనో ఎండాకాలం కూడా మట్టం దించని చెరువుల్లో కథ వేరు. అక్కడ జమ్ము, గుర్రపుడెక్క గెలుస్తాయి. మురుగు కలిస్తే మరీను.

రేగడిమడి

అందరికీ దండాలు. కొలిచి చూశాక చెప్తాను. పూడిక మట్టి తోలిన వరి మళ్లలో ఇది కలుపుగా లేస్తుందా?

అలుగుకింద

పత్తి చేన్లో లేవదు, తడి చాలదు. వరిలో లేస్తుంది, అదీ ఎప్పుడూ ఆరని జాలు మళ్లలో, తూము పక్కన. మామూలు మడిలో మీకు కనబడేవి ఎక్కువగా సైపరస్ డిఫార్మిస్, సైపరస్ ఐరియా, ఫింబ్రిస్టైలిస్. అవన్నీ ఆకులున్న తుంగలు. వాటికి రెండు నుంచి నాలుగు ఆకుల దశలో బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకు 100 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో. మడిలో నీళ్లు తీసేసి కొట్టాలి, రెండు రోజులకు మళ్లీ పెట్టాలి. నీళ్ల కింద మునిగిన కలుపుకు మందు అందదు, సగం ఫిర్యాదులు అక్కడివే.

గుబురు కట్టిన ఆర్టిక్యులేటా మీద మందు వృథా. గింజ నల్లబడక ముందే చేత్తో పీకండి, పీకినవి ఒడ్డు మీద వేయకుండా మడి బయటికి మోయండి. చెరువులో మాత్రం ఏ మందూ కొట్టొద్దు.