నారు పోసే గత్తం: వేడితో కలుపు చంపాలా, మొలిపించి పీకాలా?

పర్లాకిమిడి కోడలు: మిరప, వంగ నారు కోసం పెరటి గుంతలోని పాత గత్తాన్ని (పేడ ఎరువును) జల్లెడ పట్టి తొట్లలో నింపాను. మిరప ఇంకా తల ఎత్తకముందే తొట్లు పచ్చబడ్డాయి. చూస్తే అంతా తోటకూర, గంగపాయల, గునుగు. పక్కింటివారు గత్తాన్ని మూకుడులో వేయించమంటున్నారు. మా అత్తగారేమో వేయించిన మట్టిలో జీవం ఉండదంటున్నారు. ఎవరి మాట వినాలి?

కాశీనగర్ రైతు: అమ్మా, మీ గత్తం మాగిందే కానీ వేడెక్కలేదు. పశువు తిన్న కలుపు గింజల్లో కొన్ని పేడలో ప్రాణంతోనే బయటపడతాయి. వానపాముల ఎరువుదీ ఇదే కథ, అది వేడెక్కదు. కుప్పను మూడు నాలుగడుగుల ఎత్తున పేర్చండి. పచ్చిపేడ, ఆకులు, ఎండుగడ్డి కలిపి, పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచండి. లోపల 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. అంచులు మాత్రం చల్లగానే ఉంటాయి కాబట్టి బయటిది లోపలికి వచ్చేలా తిరగేయాలి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో వరుస కుప్పలకు 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, కనీసం 5 సార్లు తిరగేయడం అని ఉంది. ఒక్కసారి పేర్చి వదిలేసిన కుప్పను నేను నమ్మను.

బరంపురం మేడ తోట: మేడ మీద అంత కుప్ప ఎక్కడ పేరుస్తాం? నాలుగు తొట్లకైతే ఆవిరి చాలు. వంటకు వాడని పాత గిన్నెలో తడి గత్తాన్ని ఉంచి, 82 డిగ్రీల దగ్గర అరగంట ఆవిరి పట్టిస్తే కలుపు గింజలు దాదాపు చస్తాయి. నారుకుళ్లు శిలీంధ్రాలకు 60 డిగ్రీలే చాలు. మూకుడులో వేయించడం మాత్రం వద్దు. వేడి మితిమీరితే అమ్మోనియా, మాంగనీసు ఎక్కువగా విడుదలై లేత వేళ్లను దెబ్బతీస్తాయి.

గుణుపూర్ పెరటి సాగు: ఆవిరి పట్టిన మట్టిలో మంచి సూక్ష్మజీవులూ పోతాయి. ఆ ఖాళీలోకి నారుకుళ్లు శిలీంధ్రం ముందు దూరితే ఆపేవారుండరు. పైగా మూత లేకుండా నిలవ పెడితే గాలి మళ్లీ గింజలను తెచ్చి పోస్తుంది. విత్తడానికి రెండు వారాల ముందే తొట్లు నింపి నీళ్లు పోయండి. కలుపు రెండాకులు వేయగానే పైపైన గీకేయండి. లోతుగా కెలికితే అడుగున నిద్రపోతున్న గింజలు వెలుతురులోకి వస్తాయి. తర్వాత గత్తం మీద సెంటీమీటరు మందాన కడిగిన ఇసుక గానీ కొబ్బరి పొట్టు గానీ పరిచి, విత్తనం అందులో వేయండి. చిన్న కలుపు గింజల్లో చాలావాటికి మొలవడానికి వెలుతురు కావాలి. ఆ పొర వాటికి చీకటి. మిరప గింజకు మొదట్లో ఎరువుతో పని లేదు, వేరు కిందికి దిగాక గత్తం అందుకుంటుంది. మీ అత్తగారి మాటలో నిజం ఉంది.

కాశీనగర్ రైతు: కలుపు గింజలన్నీ ఒకేసారి మొలవవు కదా! రెండు వారాల్లో వచ్చినవే పోతాయి, మిగతావి నారుతో పాటే లేస్తాయి.

గుణుపూర్ పెరటి సాగు: లేస్తాయి, నిజమే. కానీ అవి నాలుగైదు మొక్కలు, చేత్తో పీకవచ్చు. ఆకు చూసి పీకితే పొరబడతారు, మిరప మొదటి ఆకులూ తోటకూరవీ సన్నగా, కోసుగానే ఉంటాయి. తోటకూరకు మాత్రం కాడ మొదట్లో, ఆకు అడుగున తరచుగా ఎర్రజీర కనిపిస్తుంది. వరుసలుగా విత్తితే ఆ అనుమానమూ ఉండదు, వరుస తప్పి మొలిచింది కలుపే. తుంగ విషయంలో మాత్రం గింజ గురించి కాదు, దుంప గురించి ఆలోచించండి. జల్లెడలో మిగిలిన గోళీల్లాంటి దుంపలను మళ్లీ గుంతలో వేయకండి, అసలు బాధ అక్కడే మొదలవుతుంది.

బరంపురం మేడ తోట: నేలమీది నారుమడికైతే మే ఎండనే వాడుకోవచ్చు. మడి తడిపి, అవతలిది కనిపించేంత పారదర్శకమైన పలుచని పాలిథీన్ పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్లది వద్దు, కాంతిని లోపలికి పోనివ్వదు. తుంగ మాత్రం దీనికి లొంగదు, మొన దానిని పొడుచుకుని పైకి వస్తుంది.

పర్లాకిమిడి కోడలు: వానలకు ముందే నారు కావాలి, ఆరు వారాలు ఆగలేను. తొట్లకు గుణుపూర్ వారి పద్ధతే చేస్తాను. ఈసారి గుంతలోకి వెళ్లే పేడను కాశీనగర్ వారు చెప్పినట్టు కుప్ప వేయిస్తాను. పైపొరకు ఇసుక ఎక్కడిదైనా పరవాలేదా? మా మరిది గోపాలపూర్ నుంచి తెస్తానంటున్నాడు.

కాశీనగర్ రైతు: సముద్రపు ఇసుక వద్దమ్మా, ఉప్పుకు మొలక మాడిపోతుంది. వంశధార ఇసుక తెచ్చుకుని నీళ్లు తేటపడేదాకా కడగండి.