అప్‌డేట్: టిక్ టిక్ అంటున్నా అంటుకోని బర్నర్ సంగతి తేలింది

మా గ్యాస్ స్టవ్‌లో ఎడమవైపు ముందు బర్నర్ నాబ్ తిప్పితే టిక్ టిక్ చప్పుడు వస్తుంది కానీ మంట అంటుకోదని, అగ్గిపుల్ల పెడితే మాత్రం చక్కగా వెలుగుతుందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మొదట నిప్పురవ్వ పుట్టడానికి స్టవ్‌లో ఉండే 1.5 వోల్టుల బ్యాటరీ మార్చాను. తేడా ఏమీ లేదు. మిగతా బర్నర్లు బాగానే వెలుగుతున్నాయి కాబట్టి తప్పు బ్యాటరీది కాదని నాకు ముందే తట్టి ఉండాల్సింది. తర్వాత బర్నర్ మూత తీసి, జిడ్డు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాను. రెండు రోజులు బాగా పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది.

అసలు విషయం బయటపడింది చీకట్లో చూసినప్పుడు. గ్యాస్ సరఫరా కట్టేసి, వంటింట్లో లైటు ఆర్పి నాబ్ నొక్కి చూశాను. నిప్పురవ్వ ఎలక్ట్రోడ్ (బర్నర్ పక్కనుండే సన్నటి లోహపు కడ్డీ) కొన నుంచి బర్నర్‌కి దూకడం లేదు, కింద దాని తెల్లటి పింగాణీ తొడుగు పక్క నుంచి స్టవ్ బాడీకి పోతోంది! దగ్గరగా చూస్తే అక్కడ వెంట్రుకవాసి పగులు. ఆ సందులో తడి, జిడ్డు చేరితే కరెంటు అటే దారి తీస్తుందట.

మెకానిక్ ఎలక్ట్రోడ్ మార్చారు. ఇప్పుడు మొదటి టిక్‌కే అంటుకుంటోంది.

ఒక్క మాట: నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ కట్టేసి, కిటికీ తెరిచి, వాసన పోయాకే మళ్లీ ప్రయత్నించండి. నేను మొదట్లో అలాగే తిప్పుతూ నిలబడ్డాను, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.