నాయన పోయినప్పటి మూడు నానీలు: ఎక్కడ తప్పానో చెప్పండి

ప్రశ్న (బెంగళూరు, విజయనగర నుంచి)

2021 మే నెలలో, కరోనా రెండో విడత బెంగళూరును ముంచెత్తిన రోజుల్లో, మా నాన్నగారిని పోగొట్టుకున్నాను. మాది హిందూపురం, ఉద్యోగ విరమణ తరువాత ఆయన నా దగ్గరే ఉండేవారు. అప్పట్లో ఆసుపత్రిలో పడక దొరకాలంటే ముందు బీయూ నంబరు, అంటే నగరంలో కరోనా రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, రావాలి. దాని కోసం నేను ఫోను పట్టుకుని కూర్చున్న రాత్రంతా ఆయన బోర్లా పడుకుని, మధ్యమధ్యలో లేచి నవ్వుతూ కాఫీ అడుగుతూనే ఉన్నారు; వేలికి తగిలించిన ఆక్సీమీటరు మాత్రం 84 దగ్గరే ఆగిపోయింది. నాలుగో రోజున తావరెకెరె దగ్గర గిడ్డేనహళ్లిలో, రాతి క్వారీలో ఏర్పాటు చేసిన ఆరుబయటి శ్మశానంలో దహనం జరిగింది. అస్థికలతో శ్రీరంగపట్టణం వెళ్లేటప్పుడు, కుండ మీద సుద్దముక్కతో వేసిన అంకె చెరిగిపోతే లోపల ఉన్నది ఆయనేనన్న ఆధారం కూడా పోతుందేమోనని భయపడి, దారి పొడవునా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇన్నాళ్లకు మూడు నానీలు, నాలుగేసి పాదాల చిన్న కవితలు, రాయగలిగాను. చదివినవారు ‘చాలా బాధగా ఉంది’ అంటున్నారే తప్ప, చావు మీద రాసిన కవిత కాబట్టి లోపం చెప్పడానికి మొహమాటపడుతున్నారు. మీరు ఆ మొహమాటం పెట్టుకోవద్దని వేడుకుంటున్నాను.

(1)
వేలికి తొడిగిన
చిన్న పెట్టెలో
నాన్న
ఎనభై నాలుగయ్యాడు

(2)
మహమ్మారి రాక్షసి
ఊపిరిని మింగింది
లోకమంతా
కన్నీటి సముద్రం

(3)
మట్టి కుండపై
సుద్దముక్కతో అంకె
అదే నాన్న
చివరి చిరునామా

జవాబు (చెన్నై, మైలాపూరు నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

నాయనా, మీరు అడిగిన తీరులోనే చిత్తశుద్ధి కనిపిస్తోంది కనుక నేనూ దాచకుండా చెబుతాను. ఆచార్య ఎన్‌. గోపి గారు 1997లో రూపొందించిన నానీకి నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు అన్న నియమం ఉంది. పొల్లు హల్లులను పక్కన పెట్టి లెక్కిస్తే మీ మూడూ ఆ కొలతలోనే ఉన్నాయి. లోపం కొలతలో లేదు.

రెండవ నానీని పూర్తిగా వదులుకోమని నా సలహా. అందులో మీ నాన్నగారు లేరు, బెంగళూరు లేదు, 2021 కూడా లేదు. ఏ ఊళ్లో ఏ జబ్బు వచ్చినా ఆ నాలుగు పాదాలు అలాగే సరిపోతాయి. పైగా ‘రాక్షసి’ అన్న మాట మన సంప్రదాయంలోని ఒక లోతైన అలవాటును చెరిపేస్తోంది. మన పల్లెల్లో మశూచి సోకితే ‘అమ్మవారు పోసింది’ అనేవారు గాని జబ్బును తిట్టేవారు కాదు. మీరుంటున్న నగరంలోనే 1898లో ప్లేగు వచ్చినప్పుడు జనం ప్లేగు మారమ్మకు గుడులు కట్టుకున్నారు. ‘మారి’ అనే మాటను ఆ తల్లిపేరుతో కలిపి వింటూ పెరిగిన చెవికి, దాని పక్కన రాక్షసిని నిలబెట్టడం అతకదు. జబ్బును అమ్మా అని పిలిచి ‘మా ఇంటికి రావద్దు, చల్లగా వెళ్లిపో’ అని బతిమాలుకున్న మనుషుల భయం ఎంతటిదో ఆలోచించండి. ఆ దారిలో మీకు వేరొక నానీ దొరకవచ్చు.

మూడవది మొదటి రెండు పాదాల వరకు అద్భుతంగా ఉంది. మట్టి కుండ, సుద్దముక్క, అంకె: ఈ మూడు వస్తువులూ మాట్లాడకుండానే అంతా చెబుతున్నాయి. ఆ వెంటనే ‘చివరి చిరునామా’ అంటూ మీరు అర్థం వివరించడానికి పూనుకున్నారు. శ్మశానాన్ని చిరునామా అనడం ఎందరో చేసిన పని. అంతకంటే గొప్ప మాట మీ ప్రశ్నలోనే ఉంది: అంకె చెరిగిపోతుందని కుండను ఒళ్లో పెట్టుకున్నానన్నారు. కవిత అక్కడ ఉండగా దాన్ని వచనంలో వదిలేసి, కవితలోకి అరిగిపోయిన మాటను ఎందుకు తెచ్చారు?

ఇంకొక చిన్న సందేహం. హిందూపురం వైపు తండ్రిని ‘నాయన’ అంటారు కదా. మీరు ఇంట్లో ఏమని పిలిచేవారు?

జవాబు (చెన్నై, పెరంబూరు నుంచి, నర్సు)

అన్నా, నాది నెల్లూరు. ఆ రెండేళ్లూ చెన్నైలో కరోనా వార్డులోనే పనిచేశాను. కవిత్వపు లోతులు మాస్టారుగారికి తెలిసినంతగా నాకు తెలియవు గాని, మొదటి నానీ గురించి మాత్రం చెప్పాలనిపించింది.

మొదటిసారి చదివినప్పుడు ఎనభై నాలుగు అన్నది ఆయన వయసేమో అనుకున్నాను. రెండోసారి చదివాక గాని ఆక్సీమీటరు అంకె అని తట్టలేదు. ఈ రెండు అర్థాలూ మీరు కావాలని పెట్టినవైతే సరే, కాకపోతే అది పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది. ‘పెట్టె’ అన్న మాట కూడా కుదరలేదు. అది వేలికి పట్టే క్లిప్పు, మా వార్డులో రోగులందరూ క్లిప్పు అనే పిలిచేవారు.

అసలు విషయం వేరే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ అంకె సాధారణంగా 95కు పైన ఉంటుంది. 84 అంటే మేము పరుగెత్తాల్సిన స్థితి. కానీ కరోనాలో చాలామంది ఆ స్థితిలోనూ ఆయాసం తెలియకుండా మామూలుగా కబుర్లు చెప్పేవారు, ఇంటికి ఫోను చేసేవారు. వేళ్లు చల్లబడితే అంకె తప్పు చూపించవచ్చు కాబట్టి ముందు వేలు రుద్ది మళ్లీ పెట్టి చూసేవాళ్లం. మళ్లీ అదే అంకె వచ్చేది, ఎదురుగా ఉన్న మనిషి నవ్వుతూనే ఉండేవారు. ఆ నవ్వు, ఆ అంకె పక్కపక్కన ఉండటమే ఆ జబ్బులో నేను చూసిన అతి భయంకరమైన దృశ్యం. మీ నాన్నగారు కాఫీ అడిగారని రాశారు చూడండి, అది చదవగానే నాకు చేతులు ఆడలేదు. నానీలో మాత్రం ఆ కాఫీ లేదు.

జవాబు (బెంగళూరు, మారతహళ్లి నుంచి)

‘చివరి చిరునామా’ మీద మాస్టారుగారి తీర్పుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ సంవత్సరం జూన్‌లో, ఎవరూ వచ్చి తీసుకువెళ్లని వందలాది మంది అస్థికలను కర్ణాటక ప్రభుత్వమే మండ్య జిల్లా బెళకవాడి దగ్గర కావేరిలో నిమజ్జనం చేయించింది. అది గుర్తున్నవారికి, కుండ మీది అంకెను చిరునామా అనడం అరిగిపోయిన పోలికలా అనిపించదు. చాలామందికి నిజంగానే అంతకు మించి ఏమీ మిగల్లేదు. అయితే ఆ సంగతి నానీలో లేదు, నా జ్ఞాపకంలో ఉంది. బయటి జ్ఞాపకం తోడు లేకుండా కవిత నిలబడాలనేది మాస్టారుగారి వాదమైతే, దానికి నా దగ్గర సమాధానం లేదు.

రెండవ నానీ విషయంలో మాత్రం ఆయన మాటే నా మాట.

ప్రశ్న అడిగినవారి సమాధానం

ముగ్గురికీ నమస్కారాలు. మాస్టారూ, మీరు ఊహించింది నిజమే. ఇంట్లో ‘నాయన’ అనే పిలిచేవాణ్ణి. రాసేటప్పుడు అందరికీ అర్థం కావాలని ‘నాన్న’ అని మార్చాను, మార్చిన క్షణం నుంచే ఆయన నాకు దూరమయ్యారని ఇప్పుడు తెలుస్తోంది. రెండవ నానీని తీసేశాను. అది రాసినప్పుడు నేను ఏడవలేదు. మిగిలిన రెండూ రాసినప్పుడు ఏడ్చాను. అప్పుడే గ్రహించి ఉండవలసింది.

చెల్లెమ్మా, నువ్వు చెప్పిన తరువాత మొదటిదాన్ని మా ఊరి మాటలో ఇలా తిరగరాశాను. ఇప్పుడు ఎనభై నాలుగును ఎవరూ వయసు అనుకోరని నమ్ముతున్నాను:

కాఫీ అడుగుతూ
నాయన నవ్వినాడు
వేలి మీద
ఎనభై నాలుగు

మూడవదానిలో చిరునామాను వదులుకోవడానికి రెండు రోజులు పట్టింది. మారతహళ్లి మిత్రుల మాట నన్ను ఆపుతూనే ఉంది, ఎందుకంటే గిడ్డేనహళ్లిలో ఎవరూ రాక మిగిలిపోయిన కుండల వరుసను నేనూ చూశాను. వాటి గురించి విడిగా రాయాలి. నాయన కుండలో వాటిని కలపకూడదనిపించింది.

మట్టి కుండపై
సుద్దముక్కతో అంకె
చెరిగిపోకుండా
ఒళ్లో పెట్టుకున్నాను

మాస్టారూ, లెక్కిస్తే సరిగ్గా ఇరవై ఐదు అక్షరాలు వచ్చాయి. తగ్గిద్దామని చూశాను గాని ఒక్కటి కూడా తీయలేకపోయాను.