‘నో వుమన్ నో క్రై’: ఏడవకా, ఏడవకేనా?

అరసున్న: జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాటని హాస్టల్లో మా సీనియర్ ఒకడు తెలుగులో పాడేవాడు. “వద్దే పిల్లా, ఏడవకే” అని మొదలు. తర్వాత జావ పంచుకునే చోట జావ అన్నాడో, అంబలి అన్నాడో నాలుగు రోజులుగా తెగట్లేదు. ఎవరైనా విన్నారా?

తలకట్టు: వినలేదు. కానీ సీనియర్‌కి చెవి ఉంది. “ఆడది లేకపోతే ఏడుపే లేదు” అని అర్థం చెప్పినవాళ్ళని చూశాను! రెండో ‘నో’ జమైకా మాటలో మన ‘ఏడవకు’లో ‘కు’ లాంటిది. 1975 లండన్ లైసియం కచేరీలో జనం కలిసి పాడే చోట వినండి.

గసడదవ: ఒప్పుకున్నా. మరి ‘ఏడవకే’లో ఆ ‘ఏ’ ఎందుకు? ఊరు వదిలి వెళ్తూ ఓదారుస్తున్నాడు. చులకనగా లేదూ?

తలకట్టు: చులకన కాదండీ, చనువు. అమ్మమ్మకి డెబ్బై దాటాక కూడా మా తాతయ్య ‘ఏడవకే’ అనే అనేవాడు.

పాలమూరు పిల్ల: ‘పలుకే బంగారమాయెనా’ అని రామదాసు రాముణ్ణే అన్నాడు కదా.

గసడదవ: అది పలుకుని ఒత్తి చెప్పే ‘ఏ’. రాముడికి తగిలించింది కాదమ్మా.

పాలమూరు పిల్ల: పోనీ ‘చందమామ రావే’? మామ మగాడేగా?

గసడదవ: అన్నమయ్య ‘రావో’ అన్నాడు. ‘రావే’ జనం నోట మారింది.

తలకట్టు: మారడమే మంచిదైంది. ‘రావో’లో పిలుపుంది, ‘రావే’లో గారం ఉంది. అన్నమయ్య అంటే గుర్తొచ్చింది, మార్లీ ‘ఈజ్ దిస్ లవ్’ (1978) చూడండి. ఒకే గది, ఒంటి మంచం, మధ్యలో తిండి పెట్టే ‘జా’, అంటే మార్లీ నమ్మిన రాస్తాఫారీ మతంలో దేవుడు. సరసంలోకి వేంకటేశుడు వచ్చినట్టే. అది ముద్ర, పాటలో కవి పెట్టే సంతకం!

గసడదవ: ముద్రైతే చివరి చరణంలో రావాలి. మధ్యలో వస్తే ముద్రెలా అవుతుంది?

అరసున్న: అయ్యా, జావా? అంబలా?

పాలమూరు పిల్ల: అసలు పాటలో మొక్కజొన్న పిండి జావ. పాట రాసినాయనగా విన్సెంట్ ఫోర్డ్ పేరు ఉంది, జమైకాలోని ట్రెంచ్‌టౌన్‌లో పేదలకి వండి పెట్టినాయన. ఉన్న గిన్నెడే పంచుకోవడం! నాకైతే ప్రేమంతా అక్కడే ఉంది.

గసడదవ: అంబలైతే పులవాలి. కాబట్టి జావే.

పాలమూరు పిల్ల: మా ఇంట్లో పులవకపోయినా అంబలే అంటాం.

అరసున్న: ఇప్పుడే పాడి చూశా. ‘జావ’ అంటే ఒక మాత్ర తగ్గుతోంది.

తలకట్టు: ‘జావా’ అని సాగదీయండి.