బూస్ట్ ఆగట్లేదు: వేస్ట్‌గేట్ తొలిచేయాలా, వద్దా?

చలిదేశపు_సుబారు:
అన్నలందరికీ నమస్కారం. నేనుండేది మిషిగన్‌లో. బండి 2004 సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్, 2 లీటర్ల ఇంజన్, కంపెనీ వేసిన టీడీ04 టర్బోనే ఇంకా ఉంది. పోయిన వేసవిలో పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ లేని మూడంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) వేయించాను. ఈ మోడల్‌కి టర్బోకి ముందు, ఇంజన్ పొగని దానికి తెచ్చే అప్‌పైప్‌లో కూడా ఒక చిన్న కన్వర్టర్ ఉంటుంది. అది విరిగితే ముక్కలు టర్బోలోకి పోతాయని అందరూ భయపెడితే దాన్నీ తీసేశాను.

వేసవి అంతా బంగారంలా నడిచింది. నవంబరులో మొదలైంది కథ. మైనస్ 8 డిగ్రీల చలిలో, మూడో గేర్‌లో పూర్తిగా తొక్కితే 3500 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) 14 పీఎస్‌ఐ, అక్కడి నుంచి ఎక్కుతూ ఎక్కుతూ 6000కి 17. అక్కడ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇంధనం ఆపేస్తుంది. వెనక నుంచి లారీ గుద్దినట్టు ఒక కుదుపు. ఈసీయూ సెట్టింగులు మార్చే ట్యూనర్, బూస్ట్‌ని అదుపు చేసే సోలినాయిడ్ వాల్వ్ డ్యూటీని సున్నాకి దించినా పై ఆర్‌పీఎంలో పెద్ద తేడా లేదు. ఫ్రెండ్ ఒకడు వేస్ట్‌గేట్ (బూస్ట్ ఎక్కువైతే తలుపు తెరిచి, పొగని టర్బో చక్రం తప్పించి బయటికి వదిలే దారి) రంధ్రాన్ని డై గ్రైండర్‌తో పెద్దది చేసేయ్ అంటున్నాడు. టర్బో మీద గ్రైండర్ పెట్టాలంటే నాకు చేతులు రావట్లేదు. ఏమంటారు?

రెడ్‌లైన్_రాజు:
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, తొలిచేయ్. గాలి ఎక్కువ పోతోంది, పొగ ఎక్కువ వస్తోంది, టర్బైన్‌ని (పొగ తిప్పే చక్రం) తప్పించుకుని బయటికి పోయే దారి మాత్రం పాత సైజులోనే ఉంది. దారి వెడల్పు చేస్తే సరి. శనివారం ఒక్క పూట పని.

ఘాట్‌రోడ్:
రాజూ, ఆగు. ముందు ఇది క్రీపా, స్పైకా తేలాలి. ఒక్క క్షణం పైకి ఎగిరి మళ్ళీ దిగితే స్పైక్, అది ట్యూనింగ్ గొడవ. ఆర్‌పీఎంతో పాటు నెమ్మదిగా పాకుతూ పోతే క్రీప్. వినడానికి క్రీప్‌లాగే ఉంది, కానీ వేస్ట్‌గేట్ తలుపుని తెరిచే యాక్చుయేటర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం చిట్లినా బూస్ట్ హద్దు దాటుతుంది. పది రూపాయల గొట్టం కోసం టర్బో దింపినవాళ్ళని చూశాను. సోలినాయిడ్‌ని పక్కన పెట్టి, కంప్రెసర్ (టర్బోలో గాలి నెట్టే వైపు) నుంచి యాక్చుయేటర్‌కి నేరుగా కొత్త గొట్టం వేసి నడిపి చూడు. అప్పుడు యాక్చుయేటర్ స్ప్రింగ్ ఒత్తిడి దగ్గరే బూస్ట్ ఆగాలి. ఆగకపోతే తలుపు పూర్తిగా తెరిచినా పొగ పోవట్లేదన్నమాట.

చలిదేశపు_సుబారు:
కొత్త గొట్టంతో చూశాను అన్నా. 3500కి 8 పీఎస్‌ఐ, 6000కి 15. పాకుతోంది.

రెడ్‌లైన్_రాజు:
చెప్పానా. గ్రైండర్ తియ్.

ఆటోనగర్_లేత్:
బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. సుబారు అయితే ఎప్పుడూ విప్పలేదు. లారీల టర్బోలు మాత్రం లెక్కపెట్టలేనన్ని విప్పాను. తొలవడం నాకు రాక కాదు, దాని వెనకాల వచ్చేది తెలిసి చెబుతున్నా.

ఒకటి, టర్బైన్ చుట్టూ ఉండే హౌసింగ్ పోత ఇనుము. వేడికి మొదట పగుళ్ళు వచ్చేది ఆ వేస్ట్‌గేట్ సీటు చుట్టే. ఆ పక్కనే పల్చటి గోడ, దాని అవతల టర్బైన్‌కి పోయే దారి. గోడని ఇంకా పల్చన చేస్తే పగులు అటు నుంచి ఇటు దాటుతుంది. పోత ఇనుముకి వెల్డింగ్ నిలవాలంటే ముందు కాల్చాలి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. అంత చేసినా గ్యారంటీ ఇవ్వను.

రెండోది ఎవరూ చెప్పరు. తలుపు మూసి ఉన్నప్పుడు కూడా లోపలి పొగ దాన్ని బయటికి నెడుతూనే ఉంటుంది. 22 మి.మీ. రంధ్రం అనుకో, మానిఫోల్డ్‌లో పొగ ఒత్తిడి 1.5 బార్ అనుకో. తలుపు మీద సుమారు 6 కిలోల తోపు. అదే 26 మి.మీ. చేశావా, 8 కిలోలు దాటుతుంది. స్ప్రింగ్ మాత్రం పాతదే. అప్పుడు తలుపు ముందే ఓరగా తెరుచుకుని, కింద ఆర్‌పీఎంలో టర్బో అందుకోవడం ఆలస్యమవుతుంది. పైన బూస్ట్ ఎక్కువైందని వచ్చినవాడివి, కింద బూస్ట్ లేదని మళ్ళీ వస్తావు.

ఇంకా ఒక మాట. ఎవరు తొలిచినా హౌసింగ్ విప్పి, టర్బైన్ చక్రం పక్కన పెట్టి తొలవాలి. బండి మీద ఉండగానే గ్రైండర్ పెట్టి, ఇనప రజను అంతా చక్రం మీద పోసి తెచ్చినవాణ్ణి ఒకణ్ణి చూశాను. ఏమనాలో తెలియక టీ తాగించి పంపాను.

రెడ్‌లైన్_రాజు:
మాస్టరు గారూ, మీ అనుభవానికి దణ్ణం. కానీ 26 ఎవరు చేయమన్నారు? రెండు మిల్లీమీటర్లు చాలు. 22ని 24 చేస్తే వైశాల్యం 19 శాతం పెరుగుతుంది. తోపు కూడా అంతే పెరుగుతుంది, కాస్త గట్టి స్ప్రింగున్న యాక్చుయేటర్ వేస్తే అయిపోతుంది. మీరు భయం ఎక్కువ పెట్టేస్తున్నారు.

కొలతల_కామయ్య:
ఇద్దరూ రంధ్రం గురించే మాట్లాడుతున్నారు, తలుపు ఎంత తెరుచుకుంటోందో ఎవరూ అడగలేదు. పొగ పోయే దారి రంధ్రం ఒక్కటే కాదు. తలుపు లేచినప్పుడు దాని అంచు చుట్టూ ఏర్పడే సందు కూడా దారే. లెక్క వేస్తే, తలుపు కనీసం రంధ్రం వ్యాసంలో నాలుగో వంతు లేవాలి. 24 మి.మీ. రంధ్రానికి 6 మి.మీ. అంతకన్నా తక్కువ లేస్తే ఆ సందే గొంతు పట్టుకుంటుంది. రంధ్రాన్ని ఎంత తొలిచినా వచ్చేది తక్కువే.

కాబట్టి తమ్ముడూ, డౌన్‌పైప్ దింపి తలుపుని చేత్తో తెరిచి కొలువు. తర్వాత డౌన్‌పైప్ లోపల చూడు. వేస్ట్‌గేట్ పొగకి వేరే దారి ఉండేలా మధ్యలో గోడ కట్టిన డౌన్‌పైప్‌లలో, తలుపు పూర్తిగా తెరుచుకోకుండానే ఆ గోడకి తగులుతుంది ఒక్కోసారి.

చలి సంగతి కూడా ఇందులోదే. 30 డిగ్రీల గాలి కన్నా మైనస్ 10 డిగ్రీల గాలి సుమారు 15 శాతం చిక్కన. అంత గాలి ఎక్కువ, దానికి తగ్గ ఇంధనం ఎక్కువ, అంత పొగ ఎక్కువ. వేసవిలో నీ వేస్ట్‌గేట్ సరిగ్గా అంచున నిలబడి ఉండాలి, చలి దాన్ని తోసేసింది.

నీలి_ఆక్టేవియా:
హైదరాబాద్ నుంచి. మాకు ఆ చలి లేదు కాబట్టి ఆ బాధా లేదు. కానీ నాకు అర్థం కానిది ఒక్కటే. కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్‌తో ఈ బండి అదే మిషిగన్‌లో ఇన్ని శీతాకాలాలు కుదుపు లేకుండా నడిచింది కదా? రోగం తెచ్చింది డౌన్‌పైప్, మందు టర్బోకా? కన్వర్టర్ ఉన్న డౌన్‌పైప్ వేస్తే టర్బో వెనక ఒత్తిడి కాస్త పెరిగి క్రీప్ దానంతటదే తగ్గుతుంది. పైగా కన్వర్టర్ తీసేయడం అక్కడ ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్‌కి విరుద్ధం. మిషిగన్‌లో పొగ పరీక్ష లేదు కదా అని చట్టం లేకుండా పోదు. ఇక్కడైతే అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది మోటారు వాహనాల చట్టంలో.

రెడ్‌లైన్_రాజు:
వచ్చాడండీ ఆర్టీవో గారు.

ఘాట్‌రోడ్:
వెక్కిరించకు రాజూ, ఆయన చెప్పింది ఇంజనీరింగే. రెండో దారి ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్. అప్‌పైప్ మీదే విడిగా 38 మి.మీ.ది పెడతారు. క్రీప్ పూర్తిగా పోతుంది. కానీ కొత్త అప్‌పైప్, వెల్డింగ్, ఆ పొగని మళ్ళీ డౌన్‌పైప్‌లో కలపడం, ఖర్చు తడిసి మోపెడు. టీడీ04 లాంటి చిన్న టర్బోకి అంత హంగామా ఎందుకన్నది నా అనుమానం.

ఒకటి మాత్రం ఖాయం. బాగయ్యేదాకా పూర్తిగా తొక్కకు. 2004 బండిలో థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి వదిలే తలుపు) కేబుల్‌తో నడుస్తుంది, బూస్ట్ పెరిగితే ఈసీయూ థ్రాటిల్ మూయలేదు. దాని చేతిలో ఉన్నది ఇంధనం ఆపడం ఒక్కటే. ఆ కుదుపు నిన్ను కాపాడుతోంది. దాని హద్దు పెంచమని ట్యూనర్‌ని మాత్రం అడగకు, పిస్టన్లు పోతాయి.

చలిదేశపు_సుబారు:
కామయ్య గారూ, మీ నోట్లో చక్కెర పోయాలి. డౌన్‌పైప్ దింపాను. లోపలి గోడ అంచు మీద నెలవంక లాగా మెరుస్తున్న గీత, తలుపు తగిలిన చోటే. తలుపు అంచు 4 మి.మీ. కూడా లేవట్లేదు. గోడని ఒక అంగుళం వెనక్కి కోసి మళ్ళీ బిగించాను. ఈ ఉదయం మైనస్ 6లో 6000కి 15.5. ఇంధనం ఆగలేదు. కానీ గొట్టం నేరుగా వేసి చూస్తే ఇంకా పాకుతోంది, 8 నుంచి 12.

రెడ్‌లైన్_రాజు:
మిగిలిన ఆ నాలుగుకైనా గ్రైండర్ కావాలిగా!

ఆటోనగర్_లేత్:
కావాలి, ఒప్పుకుంటా. కానీ రంధ్రం వ్యాసం మీద కాదు. లోపలి వైపు, పొగ మలుపు తిరిగి రంధ్రంలోకి దూరే చోట పదునైన అంచు ఉంటుంది. దాన్ని గుండ్రంగా జారుగా చెయ్. తలుపు కూర్చునే సీటు జోలికి పోకు.

నీలి_ఆక్టేవియా:
నా మాట మారదు. కన్వర్టర్ ఉన్న డౌన్‌పైప్ వేస్తే 12 కూడా ఉండదు.

చలిదేశపు_సుబారు:
కన్వర్టర్ ఉన్న డౌన్‌పైప్ ఆర్డర్ పెట్టేశాను. ఇది మొదట వేసి చూస్తా. అయినా పాకితే అన్న ఆలోచనతో పాత టీడీ04 హౌసింగ్ ఒకటి 60 డాలర్లకి కొన్నాను, తప్పు చేసినా నా టర్బో పోదు. మాస్టరు గారూ, తలుపు చుట్టూ సీటు వెడల్పు ఎంత మిగలాలి?

ఆటోనగర్_లేత్:
ఇప్పుడున్నదాంట్లో నూలు పోగంత కూడా తీయొద్దన్నానుగా. ముందు సీటు మీద పగుళ్ళున్నాయేమో కిరోసిన్ రాసి, తుడిచి, సుద్ద పొడి చల్లి చూడు. గీత తేలితే ఆ 60 డాలర్లు మర్చిపో. తేలకపోతే ఫొటో పెట్టు, ఎక్కడ రుద్దాలో గీసి పంపిస్తా.