హైదరాబాద్ మేడ మీద శాటిలైట్ డిష్: అవసరమా, ఆర్భాటమా?

మల్కాజిగిరి_మేడ | డిసెంబర్ 2025
ఉపగ్రహాల ద్వారా ఇంటికి నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఇండియా సైట్‌లో మొన్న నెలకు 8,600, కిట్‌కు 34,000 అని కనబడి మాయమైంది. అది టెస్టు డేటా, ధరలు ఖరారు కాలేదని కంపెనీ వివరణ. అది తేలేదాకా ధర మాట పక్కన పెట్టండి. ఇది అడవులకూ కొండలకూ మాత్రమే పనికొచ్చే వస్తువని ఇంకా ఎందుకంటున్నారు? ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిస్తూ పోయింది, కాలనీలకు కాలనీలు నెట్ లేక కూర్చున్నాయి. డిష్‌కు స్తంభంతో పనే లేదు. ఉపగ్రహం సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పింగ్ (సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) 25–60 మిల్లీసెకన్లు, మరీ ఎత్తున ఉన్న ఉపగ్రహంతో నడిచే పాత వీశాట్‌లా 600 కాదు. ప్రపంచంలో 90 లక్షల కనెక్షన్లు దాటినదాన్ని పల్లెటూరి నెట్ అనడం మానండి.

కేపీహెచ్‌బీ_గేమర్
8,600కు మా దగ్గర 100 ఎంబీపీఎస్ ఫైబర్ పది నెలలు వస్తది. తాళం వేసేయండి ఈ థ్రెడ్‌కి.

ఆర్ఎఫ్_తార్నాక
పింగ్ గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ కెపాసిటీ దగ్గర. యూజర్ డౌన్‌లింక్‌కు, అంటే ఉపగ్రహం నుంచి ఇంటికి డేటా దిగడానికి, ఉన్నది 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్, అంటే 2,000 మెగాహెర్ట్జ్. 250 చొప్పున 8 ఛానళ్లు. ఒక్కో ఛానల్ బాగా పనిచేస్తే దాదాపు ఒక గిగాబిట్. ఒకే ఛానల్‌లో రెండు సంకేతాలు పంపనిచ్చే రెండు పోలరైజేషన్లూ వాడి, ఇవన్నీ ఒకే సెల్ (ఉపగ్రహం బీమ్, అంటే రేడియో కిరణం, పడే నేల ముక్క) మీద కుమ్మరించినా 16 గిగాబిట్లు. సెల్ వైశాల్యం సుమారు 250 చదరపు కిలోమీటర్లు, పాత జీహెచ్ఎంసీ 650, కాబట్టి నగరానికి మూడు సెల్స్. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి సగటున 3 ఎంబీపీఎస్ లాగుతారనుకుంటే మొత్తం 16 వేల ఇళ్లు. అదీ అన్నీ కలిసొస్తే.

కలిసిరావు. మొదటిది, ఈ ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం 53 డిగ్రీల వంపు కక్ష్యల్లో తిరుగుతాయి, కాబట్టి ఆ అక్షాంశాల దగ్గరే దట్టంగా ఉంటాయి, 17 డిగ్రీల దగ్గర పలచబడతాయి. రెండోది, డీటీహెచ్ ఉపగ్రహాల వరుస మనకు దక్షిణాన దాదాపు 70 డిగ్రీల ఎత్తులో, నడినెత్తికి దగ్గరగా పోతుంది. వాటికి అడ్డు తగలకుండా ఆ వరుసకు ఇరుపక్కలా కొంత ఆకాశం వదిలేయాలి. కెనడాలో ఆ వరుస దిగువన ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. అక్కడి స్పీడ్ టెస్టులు ఇక్కడ పెట్టకండి.

మల్కాజిగిరి_మేడ
ఇది పాత ఉపగ్రహాల లెక్క. రాబోయే వీ3 రకం ఉపగ్రహం ఒక్కొక్కటి సెకనుకు టెరాబిట్ (వెయ్యి గిగాబిట్లు) అని స్టార్‌లింక్ యజమాని స్పేస్‌ఎక్స్ చెబుతోంది.

ఆర్ఎఫ్_తార్నాక
చెబుతోంది. అంతరిక్ష అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ జూలైలో ఇచ్చిన అనుమతి మొదటి తరం 4,408 ఉపగ్రహాల కూటమికి, 2030 జూలై దాకా. దేశం మొత్తానికి 20 లక్షల కనెక్షన్లకు మించవని కేంద్ర టెలికాం సహాయ మంత్రి హోదాలో మన పెమ్మసాని చంద్రశేఖర్ గారే చెప్పారు. నైరోబీ, లాగోస్ చూడండి, జనం ఎగబడేసరికి 2024 చివర్లో కొత్త కనెక్షన్లు ఆపేశారు. అవీ మనలాగే భూమధ్యరేఖ వైపు నగరాలే.

స్ప్లైసర్_64
ఇన్ని లెక్కలెందుకన్నా. కరెంటు బిల్లు చూస్కో చాలు. స్టాండర్డ్ డిష్ 75–100 వాట్లు తింటది. 80 అనుకో, రోజుకు 1.92 యూనిట్లు, నెలకు 58. ఫైబర్ డబ్బా 12 వాట్లు, నెలకు 9 యూనిట్లు దాటదు.

మల్కాజిగిరి_మేడ
మినీ డిష్ 25–40 వాట్లే. స్టాండర్డ్ పెట్టినా 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లుంటాయి, నష్టాలు పోను 1,100 చేతికొస్తాయి. పదమూడు గంటలు నడుస్తుంది. మీ ఫైబర్ డబ్బా ఇంట్లో 12 వాట్లే సరే, గల్లీ చివర స్విచ్ డబ్బా కరెంటు ఎవరి లెక్క? అందులో బ్యాటరీ చస్తే ఇంట్లో ఇన్వర్టర్ ఉండి ఏం లాభం?

స్ప్లైసర్_64
జీపాన్‌ల, అంటే ఇంటిదాకా గాజు తీగే వచ్చే ఫైబర్‌ల, గల్లీ డబ్బాకు కరెంటే ఉండదు సార్. స్ప్లిటర్ అంటే గాజు. లైటును 32 ముక్కలు చేస్తది, 17 డీబీ (సిగ్నల్ బలం లెక్క) పోతది, గంతే. మీరనేది గల్లీల మీడియా కన్వర్టర్ పెట్టి, లైటును కరెంటు సిగ్నల్ చేసి, ఇంటిదాకా క్యాట్-5 రాగి తీగ గుంజేటోళ్ల సంగతి. దాన్ని ఫైబర్ అనకుండ్రి.

మల్కాజిగిరి_మేడ
మాకు అమ్మింది ఫైబర్ అనే.

కేపీహెచ్‌బీ_గేమర్
యూనిట్ల మీద ఇంత కొట్లాటా 😀 వానొస్తే ఏంటి?

ఆర్ఎఫ్_తార్నాక
గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే 12 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు దాదాపు 5 డీబీ పోతుంది. మన సెప్టెంబర్ వానలకు పది, ఇరవై నిమిషాలు తెగుతుంది. మేఘం దాటగానే దానంతటదే వస్తుంది. మూసీ వరదలో తెగిన కేబుల్ అలా రాదు, అది డిష్ వైపు న్యాయమే.

స్ప్లైసర్_64
కేబుల్ ఎందుకు లేటయితదో చెప్తా, అందరూ తిట్టుడే గానీ ఎవ్వరూ అడగరు. స్తంభం కాడ రెండు దిక్కులా కోసి పడేస్తే మధ్య ముక్క పోతది. మిగిలిన కొసలు ఒకదానికొకటి అందయి. కొత్త ముక్క వెయ్యాలె, రెండు జాయింట్ డబ్బాలు కట్టాలె, లోపల 24 కోర్లు (గాజు పోగులు) ఉంటే 48 స్ప్లైసులు (అతుకులు). మంచి మిషను, పోగు కోసే శుభ్రమైన క్లీవర్ ఉంటే ఒక్కోటి 0.05 డీబీ. దుమ్ముల, వానల, నిచ్చెన మీద చేస్తే 0.3 పోతది. ఇంటికాడికొచ్చే లైటు బలం మైనస్ 18 నుంచి 22 డీబీఎం ఉంటే ఏం బాధ లేదు. మైనస్ 27 దాటిందా, ఎర్రలైటు. చానా ఇండ్లల్ల తప్పు స్తంభం మీద కాదు, టీవీ వెనకాల తీగను మడిచి టేపు కొడతరు, అక్కడనే 2 డీబీ పోతది.

నల్లమల_దారి
నల్లమల అడవిలో అమ్రాబాద్ పైన చెంచు పెంటల్లో (గూడేల్లో) ఫోన్ సిగ్నలే సరిగా లేదు. మల్కాజిగిరిలో రెండో కనెక్షన్‌కు డిష్ కావాలట. నగరంలో చందాదారుకు ఏడాదికి 500 అదనంగా వేయమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మేలో సిఫార్సు చేసింది. చాలదు, 5,000 వేయాలి.

మల్కాజిగిరి_మేడ
మీ బీమ్ వేరు, మా బీమ్ వేరు. నేను వాడితే మీకేం తగ్గింది?

ఆర్ఎఫ్_తార్నాక
బీమ్ వేరే, ఉపగ్రహం ఒకటే. మీ ఇద్దరి మధ్య నూటముప్పై కిలోమీటర్ల దూరం దానికి లెక్కలోకి రాదు, రెండు చోట్లా ఒకేసారి కనబడుతుంది. దాని మొత్తం కెపాసిటీని, గేట్‌వే లింకును (ఉపగ్రహానికీ నేల మీది స్టేషన్‌కూ మధ్య దారిని) అన్ని బీమ్‌లూ పంచుకోవాలి. సాయంత్రం నగరం ఎక్కువ లాగితే మిగతా చోట్లకు వాటా తగ్గుతుంది.

మల్కాజిగిరి_మేడ
సరే, నగరంలో ఉన్నందుకు నేరస్తుడిని. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఆపరేటర్. అసోసియేషన్ వాడికి వైర్లు పోయే షాఫ్ట్ రాసిచ్చింది, వేరేవాడి వైరు గేటు దాటనివ్వరు. వారంలో మూడుసార్లు తెగుతుంది. ఫోన్ చేస్తే "లైన్‌మన్ వస్తాడు సార్". మీలాంటి వాళ్లే ఆ మాట చెప్పేది.

స్ప్లైసర్_64
మాలాంటోళ్లు అంటే? నిచ్చెన ఎక్కేది మేము, 11 కేవీ తీగల కింద చేతులు పెట్టేది మేము. షాఫ్ట్ పైసలు తీస్కునేది మీ అసోసియేషన్. డిష్ పాడైతే ఎవర్ని పిలుస్తవ్? యాప్‌ల టికెట్ కొట్టి కూసో.

మోడరేటర్
వృత్తి మీద మాటలొద్దు. తర్వాతిది తొలగిస్తా.

ఆర్ఎఫ్_తార్నాక
ఇంతసేపూ వాట్లూ బీమ్‌లూ మాట్లాడాం, అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది. మీకు కావాల్సింది రెండో ఆపరేటర్. దానికోసం ఆకాశం దాకా పోతున్నారు, కానీ డిష్ ఎక్కడ పెడతారు? టెర్రస్ ఉమ్మడిది. షాఫ్ట్ ఇవ్వని అసోసియేషనే టెర్రస్ తాళం కూడా పట్టుకుని ఉంటుంది.

ఇచ్చారే అనుకుందాం. డిష్‌కు 110 డిగ్రీల ఆకాశం తెరిపిగా ఉండాలి. లిఫ్ట్ రూమ్, వాటర్ ట్యాంకు, పక్క బిల్డింగ్ ఏది అడ్డొచ్చినా కొన్ని నిమిషాలకోసారి రెండు మూడు సెకన్లు తెగుతుంది. వీడియో చూస్తే తెలియదు, మీటింగ్‌లో తెలుస్తుంది. ట్యాంకు పైకి ఎక్కించాలంటే జీఐ పైపు, దానికి ఎర్తింగ్ కావాలి. కిట్‌తో వచ్చే కేబుల్ 15 మీటర్లు, ఐదో అంతస్తు పైనుంచి మొదటి అంతస్తుకు చాలదు. రాగి పూసిన అల్యూమినియం తీగ కొని పొడిగిస్తే వోల్టేజ్ పడిపోయి డిష్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇరవై ఫ్లాట్ల వాళ్లూ తలా ఒకటి పెడతామంటే ఆ టెర్రస్ మీద బట్టలు కూడా ఆరేయలేరు.

నల్లమల_దారి
అదే నేనూ అంటున్నది. షాఫ్ట్ గొడవకు ఉపగ్రహం కావాలా?

మల్కాజిగిరి_మేడ
స్తంభాల మీద కేబుల్ ఉన్నంతకాలం రెండో ఆపరేటర్ వచ్చినా ఇద్దరివీ ఒకే కత్తెరకు తెగుతాయి. దానికి జవాబు ఎవరూ చెప్పలేదు.

స్ప్లైసర్_64
అది ఒప్పుకుంటా. డక్టు వేసి భూమిలకెళ్లి తీస్కపోవాలె. ఒక్కసారి రోడ్డు తవ్వి నాలుగు పైపులేస్తే నలుగురు ఆపరేటర్లు వాడుకోవచ్చు. పైపు పైసలు ఎవ్వరిస్తరు అంటే అందరూ ఆకాశం దిక్కు చూస్తరు. జర షాఫ్ట్‌ల 25 ఎంఎం పైపు ఖాళీగ ఉన్నదా చూడన్నా. ఉంటే సెక్రటరీకి నోటిమాట చెప్పకు, రాతల ఇయ్యి, జనరల్ బాడీ మీటింగ్‌ల పెట్టమను.

మల్కాజిగిరి_మేడ
పెడతా. డిష్ కూడా అదే కాగితంలో రాస్తా.

కేపీహెచ్‌బీ_గేమర్
సీసీ కెమెరాలు ఉన్నాయా మీకు? డిష్ మామూలు ప్లాన్‌లో పబ్లిక్ ఐపీవీ4 (బయటి నుంచి నేరుగా చేరే నెట్ అడ్రస్) రాదు, పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు, బయటి నుంచి కెమెరాలు నేరుగా తెరుచుకోవు. అది కూడా రాయండి.